తొలికాపు జామకాయ

ఇంటి దగ్గర నా కెమెరాకు దొరికేవి డాబా మీది పూలకుండీలే. అందుకే విజయనగరం నుంచి ఆళ్లగడ్డలోని స్నేహితుడింటికి వచ్చినప్పుడు, ఒక పొద్దున బస్సెక్కి నంద్యాల పాతూరి సందులు ఫొటోలు తీద్దామని పోయాను. ఒక ఇంటి పెరట్లో చిన్న జామచెట్టు, దానికి ఒకే ఒక్క కాయ కనబడ్డాయి. ఫొటో తీసుకోవచ్చా అని ఇంటామెను అడిగాను.

"తీసుకోప్పా. ముట్టుకోవాకు," అని ఆమె లోపలికి పోయింది.

కాయ మీద వెలుగు పడటం లేదు. ఊరుకోలేక కొంచెం ఇటు తిప్పాను. తొడిమ తెగి కాయ చేతిలోకి వచ్చింది.

ఆమె వచ్చి చూసింది కానీ తిట్టలేదు. "తొలికాపు. ఆదివారం కోత పండక్కి చర్చిలో ఇయ్యాలని చూస్తాండా," అంది.

బజారులో మంచి కాయలు కొనిస్తానన్నాను.

"అవి యాడైనా దొరుకుతాయి. ఈ చెట్టుది ఇదొక్కటే. తెంచిన చేత్తోనే ఇయ్యాల. పట్టకపోయి, ఆదివారం పట్టకరా."

"నేను మీ చర్చివాణ్ని కాదమ్మా."

"కాయ మాదే గదా," అంది.

నా పేరైనా అడగలేదు. నేను పోకపోతే ఆమె చేయగలిగిందేమీ లేదు. ఆళ్లగడ్డలో మూడు రోజులు ఆ కాయ కిటికీలో పసుపు తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

ఆదివారం కాయ పట్టుకుని వాళ్ల చర్చికి పోయాను. గుమ్మడికాయలు, వడ్ల మూటలు తెచ్చినవాళ్ల వరుసలో ఆమె నన్ను తన వెనకే నిలబెట్టి, "రెండు చేతుల్తో పట్టుకో," అంది.

అంత మంచి ఫొటో నాకు మళ్లీ ఎదురుపడలేదు. కెమెరా మెడలోనే ఉంది. చేతులు ఖాళీ లేవు.