గీత కింద ఇటుక

టార్పన్ పాయింట్‌లో రూపర్ట్ ఒమియర్ ఎక్కడుంటాడని అడిగితే ఊళ్ళో ఎవరైనా మైదానం వైపే చెయ్యి చూపిస్తారు. ఆయన ఇల్లు ఎటో సగం మందికి తెలియదు. పదహారో ఏట తాబేళ్ళ వలలు లాగాడు. ఇరవయ్యో ఏట రొయ్యల పడవకి సరంగు అయ్యాడు. రెండుసార్లు నడిసముద్రంలో ఆగిపోయిన ఇంజను విప్పి, బాగుచేసి, పన్నెండు మందిని ఒడ్డుకు చేర్చాడు. చదివింది నాలుగో తరగతి, అదీ పాస్టరు గారి వరండాలో. ఇవన్నీ ఎవరైనా చెయ్యగలిగినవేనని ఆయనే అంటాడు. ఎవరూ చెయ్యలేనిది మాత్రం ఒకటుంది. ఏడాదిలో తొమ్మిది నెలలు వాన కురిసే ఊళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా బేస్‌బాల్ మైదానం కాపాడుతూ, ఒక్క ఆటని కూడా నీళ్ళపాలు కానివ్వలేదు.

ఆ మైదానం ఆయన చేతుల మీద లేచిందే. పెద్ద తుఫాను ఊరిని ఊడ్చేసిన ఏడు చర్చి గోడలు కూలిపోయాయి. కొత్త చర్చి చెక్కతో కట్టుకుంటామని పాస్టరు అన్నాడు. అయితే ఈ ఇటుకలు నాకివ్వండి అన్నాడు ఒమియర్. మూడు వారాల పాటు ఒక్కడే తోపుడుబండి మీద మోశాడు. బ్యాటు పట్టేవాడు నిలబడే చోటు నుంచి మొదటి బేస్ మీదుగా ఒక వరస, మూడో బేస్ మీదుగా ఒక వరస, రెండూ చివరి కంచె దాకా, దారం పట్టి, ఇటుకకి ఇటుక ఆనించి, జానెడు లోతున పాతాడు. ఎందుకంటే ఆ ఊళ్ళో సున్నం గీత పావుగంట నిలవదు. వాన కడిగేస్తుంది. వాన ఆగగానే ఒమియర్ ఇనుప చువ్వ పట్టుకుని గుచ్చుకుంటూ నడుస్తాడు. టక్కుమన్న చోట సున్నం పోస్తాడు. గీత ప్రతిసారీ అదే చోట పడుతుంది, వెంట్రుకవాసి జరగదు. లోపల పడ్డ బంతి చెల్లుతుంది, గీత మీద పడ్డదీ చెల్లుతుంది, దాటిపోయింది ఫౌల్, లెక్కకి రాదు. ఆటంతా ఆ అరచేతి వెడల్పు మీదే నిలబడి ఉందని ఆయన నమ్మకం. ఇన్నేళ్ళ వానలకి పైమట్టి కొట్టుకుపోయి ఇప్పుడు ఇటుకల మీద రెండు వేళ్ళ మందం మట్టి మిగిలింది. అంతే.

ఈ ఏడు, పందొమ్మిదేళ్ళ తరవాత, టార్పన్ పాయింట్ కోస్తా కప్పు చివరి ఆటకి వచ్చింది. ఎదుటి జట్టు దీవి వాళ్ళు. రెండు ఊళ్ళకీ చుట్టం కాని మనిషి కావాలని రాజధాని మనాగ్వా వైపు నుంచి అంపైరుని తెప్పించారు. పేరు ఎఫ్రయిన్, మర్యాదకి దోన్ ఎఫ్రయిన్ అంటారు. మెరిసే బూట్లు, బంగారు చుట్టు కళ్ళద్దాలు. రెండో అంపైరు పడవ అందక రాలేదు కాబట్టి మైదానమంతా ఆయన ఒక్కడి కళ్ళ మీదే నడవాలి. ఆదివారం పొద్దున్నే ఒమియర్ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఇటుకల సంగతి విడమరిచి చెప్పాడు. ఎఫ్రయిన్ జేబు దువ్వెనతో తల దువ్వుకుంటూ, "బాగుంది పెద్దాయనా, బాగుంది" అన్నాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తెలియక చేశాడని తరవాత ఆయన తరఫున ఎవరూ అనకుండా ఉండాలంటే గుర్తుంచుకోవాలి.

మధ్యాహ్నం మూడింటికి చినుకులు మొదలయ్యాయి. నాలుగుకి జల్లు పట్టింది. ఆఖరి విడత, టార్పన్ పాయింట్ వంతు. దీవికి మూడు పరుగులు, మనకి రెండు. ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడు అవుటైతే ఆట ముగిసినట్టే. ఇద్దరు బేసుల మీద ఉన్నారు. బ్యాటు పట్టింది కెన్రాయ్ డౌన్స్, సముద్రంలో మునిగి లాబ్‌స్టర్లు పట్టే కుర్రాడు, భుజాలు తలుపంత ఉంటాయి. ఒక్క మంచి దెబ్బ పడితే ఇద్దరూ చుట్టు పూర్తిచేసి రెండు పరుగులు తెస్తారు, కప్పు ఊళ్ళో ఉంటుంది.

కెన్రాయ్ కొట్టాడు. బంతి మూడో బేస్ దాటి, గీత ఉండాల్సిన చోట పడి, ఛాతీ ఎత్తున ఎగిరి, కంచె మూలకి జారిపోయింది. ఇద్దరూ పరిగెత్తి వచ్చేశారు. ఎనిమిది వందల మంది లేచి నిలబడ్డారు. అప్పుడు ఎఫ్రయిన్ రెండు చేతులూ పైకెత్తాడు. ఫౌల్. ఆ చేతులు దించేలోపే వాన కుండపోతగా మారింది. అందరినీ మైదానం నుంచి బయటికి పొమ్మని సైగ చేశాడు.

అందరూ బయటికి పరిగెడుతుంటే ఒమియర్ లోపలికి పరిగెత్తాడు. అరవై ఆరేళ్ళ మనిషి, చేతిలో ఖాళీ సున్నం బకెట్. బంతి పడిన గుంత ఇంకా గుండ్రంగా, శుభ్రంగా ఉంది. దాని మీద బకెట్ బోర్లించి, పైన చెయ్యి వేసి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఎఫ్రయిన్ గొడుగు పట్టుకుని వచ్చాడు. "పెద్దాయనా, ఆ బకెట్ తీసి బయటికి నడువు."

"తియ్యనండి. బంతి పడ్డ గుంత దీని కింద ఉంది. గీత మీద ఉంది. వంగి చూడండి."

"గీతా? ఏ గీత?" ఎఫ్రయిన్ అటూ ఇటూ చూశాడు. చుట్టూ ఎర్రనీళ్ళు పారుతున్నాయి. "ఇక్కడ గీతే లేదు. లేని గీత మీద బంతెలా పడుతుంది?"

దీవి వాళ్ళు కూర్చున్న రేకుల షెడ్డులోంచి నవ్వు వినపడింది.

ఒమియర్‌ని ఊళ్ళో చాలామంది చాలా మాటలన్నారు. మొండివాడన్నారు, మైదానాన్ని పెళ్ళి చేసుకున్నాడన్నారు. గీత లేదని మాత్రం ఎవరూ అనలేదు.

"పొద్దున చూపించాను కదా మీకు. కింద ఇటుకలున్నాయి. ఇక్కణ్ణుంచి కంచె దాకా."

"నేను మట్టి తవ్వి తీర్పు చెప్పను. పైన ఉన్నది చూసి చెబుతాను."

"పైన ఉన్నది కనపడాలంటే కళ్ళద్దాలు తుడుచుకోవాలి. అవి తడిసి గంటయింది."

ఎఫ్రయిన్ మొహం ఎర్రబడింది. గడియారం మీద వేలు కొట్టి చూపించాడు. "అరగంట ఇస్తాను. అరగంటలో ఈ చెరువు మైదానం కాకపోతే ఆట ఇక్కడికి సరి. మూడు, రెండు. కప్పు దీవిది." వెనక్కి తిరిగి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఒమియర్ బకెట్ వదల్లేదు. వదిలితే ఎవడో తన్నేస్తాడు, గుంత పోతుంది, గీత లేదన్న మాట శాశ్వతంగా మిగిలిపోతుంది. కానీ వదలకపోతే మైదానం ఆరదు. ఎక్కడ కాలవ తియ్యాలో, ఎక్కడ పొట్టు చల్లాలో ఊళ్ళో ఆయనకే తెలుసు. అయిదు నిమిషాలు అలాగే పోయాయి.

అప్పుడు ఆయన అక్క వెర్నా వచ్చింది. డెబ్భై ఏళ్ళది. మాంసం ప్యాటీలు అమ్ముతుంది. పడవలో ఆవిడ ఒక పక్క కూర్చుంటే రెండో పక్కన ఇద్దరు కూర్చోవాలి.

"ఏరా, గుడ్లు పొదుగుతున్నావా?"

"నేను లేస్తే ఇది తీసేస్తారక్కా."

"లేవకపోతే అరగంట అయిపోతుంది. గుంత నీకు, కప్పు వాళ్ళకి."

"గీత లేదన్నాడక్కా. నా మొహం మీద."

"నాకూ చెవులున్నాయి, విన్నాను. లే. నేను కూర్చుంటా. నన్ను లేపాలంటే మనాగ్వా నుంచి ఇంకో నలుగురు రావాలి."

ఒమియర్ లేచాడు. వెర్నా బకెట్ మీద కూర్చుంది, ప్యాటీల బుట్ట ఒళ్ళో పెట్టుకుని గొడుగు విప్పింది. ఆయన పార అందుకున్నాడు. మూడో బేస్ వెనక నుంచి అడ్డంగా ఒక కాలవ, దాన్ని మురుగులోకి కలుపుతూ ఇంకొకటి. ఊరు ఊరంతా దిగింది. పడవలు కట్టే షెడ్డు నుంచి రంపపు పొట్టు బస్తాలు వచ్చాయి. ఆడవాళ్ళు గోనె సంచులు నీళ్ళలో పరిచి, పిండి, మళ్ళీ పరిచారు. ఒమియర్ ఒక్కొక్కరినీ తిడుతూ పని చేయించాడు. "అక్కడ కాదు, బంతి వేసేవాడు కాలు పెట్టే చోట చల్లు. నీ కాళ్ళు తియ్యి, నువ్వే తొక్కి బురద చేస్తున్నావు." ఆ తిట్లన్నీ అంపైరుకి చెందాల్సినవని అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యలో వెర్నా కేకేసింది. "రూపర్టూ, నీ బకెట్ పడవలా ఊగుతోందిరా. అటూ ఇటూ దిగుతోంది, ముందూ వెనకా దిగట్లేదు."

"కదలకుండా కూర్చో అక్కా."

"నేను కదలట్లేదు, ఇదే నన్ను కదిలిస్తోంది."

ఆయనకి ఆలోచించే తీరిక లేదు.

ఇరవయ్యో నిమిషానికి వాన పలచబడింది. ఇరవై ఎనిమిదో నిమిషానికి ఎఫ్రయిన్ బయటికొచ్చి మునివేళ్ళ మీద మైదానమంతా తిరిగాడు. బూటుతో నొక్కాడు, మడమతో గీరాడు. వంక దొరకలేదు. "ఆడొచ్చు" అన్నాడు, ఆ మాట నోట్లోంచి లాక్కున్నట్టు.

"ఆడేముందు గుంత చూడండి" అన్నాడు ఒమియర్.

ఎనిమిది వందల మంది చూస్తుంటే రాకుండా ఉండడం కుదర్లేదు. ఎఫ్రయిన్ వచ్చాడు. ఇద్దరు సాయం పడితే వెర్నా లేచింది. ఒమియర్ బకెట్ ఎత్తాడు.

గుంత లేదు. అరగంట ఊగిన బకెట్ లోపలి మట్టినంతా కవ్వంతో చిలికినట్టు చిలికేసింది. ముందూ వెనకా అంచు ఆనిన రెండు చోట్ల మాత్రం ఇటుక ఎరుపు చిట్లి కనపడుతోంది.

ఎఫ్రయిన్ నవ్వాడు. "ఇందాక గీత లేదు. ఇప్పుడు గుంతా లేదు. ఇంకేం చూడమంటావు పెద్దాయనా?"

వెర్నా తల వంచుకుంది. ఒమియర్ ఆవిడ వంక చూడలేదు. ఆ ఎర్రటి రెండు ముక్కల వంకే చూశాడు. అటూ ఇటూ దిగిన చోట మెత్తటి బురద. దిగని చోట ఇటుక, అంటే గీత. ఆయన వెళ్ళి, బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టే దీవి వాడి చేతిలోంచి బంతి లాక్కున్నాడు.

"బురదలో పడ్డ బంతి ఎగురుతుందా?" అన్నాడు. ఇందాకటి మర్యాద ఇప్పుడు లేదు. "చెప్పు. ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నావీ పని? ఎగురుతుందా?"

జవాబు కోసం ఆగలేదు. గీతకి అవతల, రెండు జానల దూరంలో బంతిని బలంగా నేలకేసి కొట్టాడు. చప్పుమని అతుక్కుపోయింది. పెరికి తీసి, చొక్కాకి తుడిచి, ఇటుక ఎరుపు కనపడుతున్న రెండు ముక్కల నడుమ అంతే బలంగా కొట్టాడు. టక్కుమంది. ఛాతీ ఎత్తున లేచింది. ఎఫ్రయిన్ చేతులు వాటంతటవే ముందుకొచ్చి దాన్ని పట్టుకున్నాయి.

దీవి షెడ్డులో ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇందాక కెన్రాయ్ బంతి ఎంత ఎగిరింది?" అన్నాడు ఒమియర్. "నాకు కప్పు అక్కర్లేదు. ఇక్కడ గీత ఉందని అను."

ఎఫ్రయిన్ చేతిలో ఉన్న బంతి వంక చూశాడు. ప్యాంటుకి తుడిచాడు. నడుముకి కట్టుకున్న సంచిలో వేసుకున్నాడు. "బ్యాటు పట్టేవాణ్ణి పిలవండి" అన్నాడు. "ఆట మొదలు."

కెన్రాయ్ మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. కోపంతో చేతులు బిగిసిపోయి ఉన్నాయి. మొదటి బంతినే గాల్లోకి లేపాడు. ఎడమ వైపు నిలబడ్డ దీవి వాడు రెండడుగులు వేసి పట్టుకున్నాడు. మూడో అవుటు. అయిపోయింది.

సోమవారం పొద్దున ఒమియర్ సున్నం బస్తా కోసం రేవుకి వెళ్ళాడు. పడవ బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. దీవి జట్టు అందులోనే కూర్చుని కప్పుని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటోంది. ఎఫ్రయిన్ ఒడ్డునే ఉన్నాడు, కాళ్ళ దగ్గర సంచీ. ఒమియర్‌ని చూసి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు:

"ఎగిరింది పెద్దాయనా. నిద్ర పట్టలేదు నాకు. బంతి ఎగిరింది."

ఒమియర్ వంగి సున్నం బస్తా మూతి బిగించి కట్టాడు.

"గీత మీదే పడి ఉంటుంది. నీకు చెప్పకుండా వెళ్ళాలనిపించలేదు."

ఈ మాట వింటే గుండె బరువు తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. ఒమియర్‌కి మాత్రం నిన్నటి కంటే ఎక్కువ మండింది. నిన్న ఎదురుగా ఉన్నవాడు చూపు ఆననివాడు. ఇవాళ ఎదురుగా ఉన్నవాడు అంతా చూసినవాడు.

"నిన్న ఎందుకనలేదు?"

"ఎనిమిది వందల మంది ఉన్నారు. ఒకసారి చెయ్యెత్తాక దించడం..."

"గీత లేదన్నప్పుడూ ఉన్నారు ఆ ఎనిమిది వందల మందీ." ఒమియర్ పడవ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "నా చెవిలో చెప్పి ఏం లాభం? అటు తిరిగి చెప్పు. వాళ్ళకి వినపడేలా చెప్పు."

ఎఫ్రయిన్ పడవ వంక చూశాడు. కప్పు ఎండలో మెరిసింది. చివరికి ఒమియర్ వైపు చెయ్యి చాపాడు, వెళ్ళొస్తానన్నట్టు. ఒమియర్ వంగి సున్నం బస్తాని రెండు చేతులతో ఎత్తి భుజాన వేసుకున్నాడు. ఇవ్వడానికి ఖాళీ చెయ్యి లేదు. వెనక్కి చూడకుండా నడిచాడు.

మైదానం గేటు దగ్గర వెర్నా పొయ్యి రాజేస్తోంది. "ఏమన్నాడు వాడు?"

"గీత ఉందన్నాడు."

"మరి ఆ మొహమేంటి?"

"చెవిలో అన్నాడు."

వెర్నా విసనకర్ర ఆపింది. మెల్లగా, "నేను కూర్చోకుండా ఉండాల్సిందిరా" అంది.

"నువ్వు కూర్చోబట్టే మైదానం ఆరింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నీళ్ళకి పోయిన ఆట లేదు. నిన్నటిదీ నీళ్ళకి పోలేదు. అది పోయింది వాడి నోటికి."

ఆ రోజు ఆట లేదు, వారమంతా లేదు. అయినా ఒమియర్ ఇనుప చువ్వ తీసుకుని మూడో బేస్ నుంచి కంచె దాకా ఒక్కొక్క ఇటుకనీ గుచ్చి, టక్కుమనిపించి, ఎప్పుడూ పోసేదానికి మూడింతలు మందంగా సున్నం పోశాడు. పదకొండింటికి వాన వచ్చి అంతా కడిగేసింది. ఆయన షెడ్డులో నిలబడి అది ఆగేదాకా చూశాడు. ఆగగానే చువ్వ పట్టుకుని మళ్ళీ మొదటి ఇటుక దగ్గరికి వెళ్ళాడు.