మునిగిన ఓడ దగ్గర మూసిన పిడికిలి

ఒక పిడికెడు ఇసుక కోసం నడిసముద్రంలో పడవను వెనక్కి తిప్పించి, కొత్తగా పెళ్లయిన జంట షికారు పాడుచేసి, ఆరడుగుల పెద్దమనిషికి గుండెదడ తెప్పించి, చక్రాల కుర్చీలో ఉన్న ముసలమ్మ చేత పదిసార్లు శిలువ గుర్తు వేయించిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. ఆ ఘనుడు ఇప్పుడు గద్వాలలో చిన్న టిఫిన్ హోటలు నడుపుకుంటూ, పొద్దున్నే ఇడ్లీలు దించుతూ, ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాడు. పేరు ఆంజనేయులు. అంటే నేనే.

మాది మానవపాడు పక్కన ఒక పల్లె. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా దిక్కు కుర్రాళ్లు కొందరికి సైప్రస్ పిచ్చి పట్టింది. మధ్యధరా సముద్రంలో అదొక ద్వీపం. హోటలు పని నేర్పే చదువు అని చెప్పారు. పోయాక తెలిసింది, చదువు పొద్దున రెండు గంటలు, మిగతా రోజంతా ఉల్లిగడ్డలు. సముద్రపు ఒడ్డున ఒక హోటలు వంటింటి వెనక బస్తాల మధ్య కూర్చుని కోసేవాణ్ణి. ఇంటి మీద బెంగతో ఏడ్చానో, ఉల్లి ఘాటుకు ఏడ్చానో ఇప్పటికీ తేల్చుకోలేను.

అలాంటి రోజుల్లో ఒకనాడు కూరగాయల దుకాణంలో ఒక గొంతు వినబడింది. "థూ, ఇవేం మిరపకాయలు! కారం లేదు, పాడు లేదు. బెండకాయలు నయం." తెలుగు! అదీ మన పాలమూరు తెలుగు! నాకు ప్రాణం లేచివచ్చింది. గబగబా పోయి అడిగాను.

"మీది ఏ ఊరండీ?"

"వనపర్తి దగ్గర అన్నా. మీదేది?"

పిల్ల పేరు భాగ్య. నికోస్ అనే పెద్దమనిషి ఇంట్లో ఉండి, లేవలేని ఆయన తల్లిని చూసుకుంటోంది. ఆ ముసలమ్మను అక్కడ అందరూ యాయా అంటారు, అవ్వ అని అర్థం. అంతా బాగానే ఉంది కానీ, ఆ మొదటి మాటలోనే ఒక పిడుగు పడింది, గమనించారా? 'అన్నా'! మన దిక్కున ఆడపిల్ల నోట ఆ పిలుపు ఒకసారి స్థిరపడితే ఇక అంతే. రాఖీ కట్టించుకుని ఇంటికి పోవడమే.

ఆ ఒక్క పిలుపు ఊడగొట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఎక్కడో దొరికిన చింతపండు తెచ్చిచ్చాను. యాయా కుర్చీ చక్రాలకు నూనె పోశాను. ఇంటికి ఫోన్ చేసుకోమని నా ఫోన్ కార్డు నంబరు గీకి మరీ ఇచ్చాను. మెల్లగా 'అన్నా' పోయి 'ఇగో' వచ్చింది. "ఇగో, వింటున్నవా?" అంటే చాలు, ఆ రోజు ఉల్లిగడ్డలు కూడా ఏడిపించేవి కావు.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? గొప్పలకు పోయాను. మొదట, హోటల్లో నేనే పెద్ద వంటవాణ్ణని చెప్పాను. ఒకరోజు వెనక తలుపు దగ్గరికి వచ్చి, బస్తాల మధ్య ముక్కు చీదుతున్న పెద్ద వంటవాణ్ణి చూసి వెళ్లింది. రెండోసారి, గ్రీకు భాష గడగడా మాట్లాడతానన్నాను. యాయా నన్ను ఏదో అడిగింది. నేను హుందాగా తల ఊపాను. మళ్లీ అడిగింది. మళ్లీ ఊపాను. "మీ అమ్మానాయన చచ్చిపోయిండ్రా అని అడుగుతున్నది" అంది భాగ్య. మూడోసారి, కృష్ణమ్మ మా ఇంటి గడప ముందు నుంచే పారుతుందన్నాను. మా ఇంటి నుంచి ఏటికి బస్సెక్కి పోవాలని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు.

ఆ సాయంత్రం సముద్రపు గోడ మీద కూర్చుని తీర్పు చెప్పింది.

"మూడు అబద్దాలు అయినయ్. వచ్చే నెల నేను ఊరికి పోత. మా అన్న సంబంధాలు చూస్తుండు. నీ సంగతి ఇంట్ల చెప్దామనుకున్న."

"చెప్పు మరి!"

"ఏం చెప్పాలె? అబద్దాలు ఆడుతడు, ఉల్లిగడ్డలు కోస్తడు అనా? ఉల్లిగడ్డలకు నాకేం పరేషాన్ లేదు. అబద్దంతోని నేను ఉండలేను. నాలుగోది దొర్కిందో, యాయా ముందర, నికోస్ ముందర నిన్ను అన్నా అని పిలుస్త. ఇగ సచ్చేదాక మార్చ."

ఏదో ఒక నిజం చెప్పాలి. నాలో ఉన్న ఒకే ఒక్క నిజం బయటికి వచ్చింది.

"నాకు ఈత మస్తు వస్తది. మా మోటబాయి అడుగు ముట్టి వచ్చినోన్ని."

"మన్ను తెచ్చినవా?"

"తెచ్చిన."

"ఎవరు చూసిండ్రు?"

"మా చిన్నాయన."

"మీ చిన్నాయన గిక్కడ ఉన్నడా?"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా దిక్కు మెట్ట పొలాల్లో బావులు లోతు. బావి అడుగు ముట్టానని ఎవడైనా అనొచ్చు. ఊపిరి బిగబట్టి మునిగి, అడుగున పిడికెడు మన్ను పట్టుకుని, మూసిన పిడికిలితో పైకి వచ్చి, మెట్ల మీద నిలబడ్డ సాక్షి ముందే విప్పాలి. అప్పుడే మునిగినట్టు లెక్క. మా చిన్నాయన ఇంకా గట్టివాడు. అరచేతిలో మన్ను చూసి నమ్మేవాడు కాదు. "పక్క దరి నుంచి గీక్కొచ్చినవేమో. గోర్లు చూపియ్" అనేవాడు. అడుగు నుంచి తోడితే గోళ్ల సందున మన్ను ఇరుక్కుంటుంది. అది కనబడితేనే 'మునిగిండు' అని తీర్పు.

ఈ ఆచారం వనపర్తి దిక్కున కూడా ఉందట. భాగ్య కాసేపు సముద్రాన్ని చూసి, "నికోస్ నీళ్లల్లకు మనుషులను తీస్కపోతడు. గా రాతిదిబ్బ పక్కన మునిగిన ఓడ ఉన్నది. పో. మన్ను తే. నేను, యాయా ఒడ్డున కూసుంటం" అంది.

ముందు నికోస్ నన్ను నడుములోతు నీళ్లలో నిలబెట్టి పాఠం చెప్పాడు. అతని ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ కుంటివే, ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకుని నడిచాయి. వీపు మీద గాలి సిలిండరు, నడుముకు సీసం బరువులు, నోట్లో గొట్టం. చేతులకు తొడుగులు కూడా వేశాడు. "నీ వేళ్లనిండా కత్తిగాట్లే. ఉప్పునీళ్లు మండుతాయి. ఓడ ఇనుము తుప్పు పట్టి ఉంది" అన్నాడు. చివరికి వేలు చూపించి మూడు ముక్కలు చెప్పాడు. "ఒకటి, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకు. రెండు, నా పక్కనే ఉండు. మూడు, దేన్నీ ముట్టుకోకు."

నేను మూడింటికీ తల ఊపాను. యాయాకు ఊపినట్టే.

తర్వాత, షికారుకు వచ్చిన ఒక కొత్త పెళ్లి జంటతో కలిసి నికోస్ పడవలో రాతిదిబ్బ దాకా పోయి దిగాం. ఏడెనిమిది మీటర్లు, అంటే మన లెక్కలో నాలుగైదు నిలువులు. ఎంత అందమనుకున్నారు! నీళ్లు అద్దంలా ఉన్నాయి. రాళ్ల మీద గడ్డి అటూ ఇటూ ఊగుతోంది. పసుపు చారల చేపలు గుంపులుగా వచ్చి, నన్ను చూసి, తమకేం సంబంధం లేదన్నట్టు పోతున్నాయి. ఆ రాళ్ల అవతల పక్కకు ఒరిగి పడుకుని ఉంది ఓడ. చిన్న సరుకుల ఓడ. పాపం, ఎవరి సరుకో, ఎవరు ఎదురుచూశారో అనిపించింది.

అంతలో నికోస్ నా ముందుకు వచ్చి కళ్లు పెద్దవి చేశాడు. నా నోటి వైపు చూపిస్తున్నాడు. నా నుంచి ఒక్క బుడగ కూడా రావడం లేదు! నీళ్లు తగలగానే ఒళ్లు మోటబావి అనుకుని, ఊపిరి బిగబట్టేసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, వీపు మీద ఇంత గాలి మోస్తూ ఊపిరాడక చస్తున్నాను. నికోస్ భుజాలు పట్టి కుదిపాడు. భుస్సుమని వదిలాను. అతను గుండె మీద చేయి వేసుకున్నాడు. తర్వాత కాసేపు బుద్ధిగా ఊపిరి పీల్చాను.

ఓడ నీడ దగ్గర ఇసుక కనబడింది. తెల్లగా, మెత్తగా. నాకు ఇంకేమీ కనబడలేదు. నికోస్ ఆ కొత్త జంటకు ఏదో చేపను చూపిస్తుండగా తలకిందులుగా దూకి, కుడిచేత్తో గట్టిగా ఒక పిడికెడు తోడాను. గుప్పుమని ఇసుక లేచింది. చేపలు లేవు, ఓడ లేదు, కొత్త జంట లేదు. అంతా మసక. ఆ మసకలో నుంచి ఒక చేయి వచ్చి నా సిలిండరు పట్టీ దొరకబుచ్చుకుంది.

నేను ఇసుక జారిపోకుండా పిడికిలిని గుండెకు అదుముకున్నాను. ఆ సైగకు నీళ్లలో 'గాలి అయిపోవస్తోంది' అని అర్థమట! నాకెలా తెలుసు? నికోస్ వెంటనే తన దగ్గరున్న రెండో గొట్టం నా నోట్లో కుక్కబోయాడు. నేను వద్దని తల ఊపుతూ పిడికిలిని ఇంకా గట్టిగా అదుముకున్నాను. అతను ఇంకా గట్టిగా కుక్కాడు. ఆ కొట్లాటలోనే మెల్లగా పైకి వచ్చాం.

పడవ మీద పడుకోబెట్టి సామాను ఊడదీశారు. కుడిచేతి తొడుగును మాత్రం నేను ముట్టుకోనివ్వలేదు.

"ఎక్కడ నొప్పి? గుండెలోనా?" అన్నాడు నికోస్.

"నొప్పి లేదు."

"అయితే పిడికిలి విప్పు."

"విప్పను."

"ఎందుకు?"

"సాక్షి ఒడ్డున ఉంది!"

కొత్త పెళ్లికూతురు మొగుడి చెవిలో ఏదో అని దూరం జరిగింది. నికోస్ ముఖం ఎర్రబడింది. "ఓడలో నుంచి ఏం తీశావు? అక్కడి వస్తువు తెస్తే నా పడవకు అనుమతి తీసేస్తారు. విప్పు!" అని అరిచాడు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నారు పెద్దలు. అడుసు పట్టనేల, పిడికిలి మూయనేల అని ఎవరైనా అని ఉంటే బాగుండేది. పడవ గిర్రున వెనక్కి తిరిగింది.

ఒడ్డున భాగ్య నిలబడి ఉంది. పక్కన కుర్చీలో యాయా. కొడుకు అరుపులు విని ఆమె అప్పటికే శిలువ గుర్తు వేయడం మొదలుపెట్టింది. నేను తడిబట్టలతో, తొడుగు చేతిని తలపైకెత్తి, యుద్ధం గెలిచినవాడిలా దిగాను. వెనక నికోస్, ఆ వెనక కొత్త జంట.

"ఇగో, చూడు!" అన్నాను. విప్పాను.

ఏమీ లేదు.

మన నల్లరేగడి మన్నయితే పిడికిట్లో ముద్దై కూర్చుంటుంది. సముద్రపు ఇసుకకు ఆ విశ్వాసం ఎక్కడిది! వేళ్ల సందుల నుంచి ఉన్నదంతా నీళ్లలోనే జారిపోయింది. తడి తొడుగు ఒక్కటి నా వైపు చూసి వెక్కిరిస్తోంది. నికోస్ వంగి చూసి, ఓడ వస్తువేదీ లేదని తేలాక పకపకా నవ్వాడు. కొత్త జంట నవ్వింది. యాయా కూడా నవ్వింది. నాకు మాత్రం కళ్లు మసకబారాయి, ఈసారి ఉల్లిగడ్డలు లేకుండానే. పుట్టి బుద్ధెరిగి చెప్పిన ఒకే ఒక్క నిజం, అదీ అబద్ధమై కూర్చుంది.

భాగ్య నోరు తెరిచింది. "ఆ..." అంది.

అయిపోయింది, 'అన్నా' వచ్చేసింది అని కళ్లు మూసుకున్నాను.

"ఆగు. గోర్లు చూపియ్."

నా తొడుగు లాగి పక్కన పడేసింది. నా చేయిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్లను ఒక్కొక్కటే తిప్పి ఎండకు పెట్టి చూసింది. ఆమె నా చేయి పట్టుకోవడం అదే మొదలు. ఊపిరి బిగబట్టొద్దన్న నికోస్ మాట మళ్లీ మరిచిపోయాను.

"గోర్లల్ల ఇసుక ఉన్నది" అంది భాగ్య. "మునిగిండు."

ఆ నెలే ఇంటికి ఫోన్ చేసి నా సంగతి చెప్పింది. వనపర్తిలోనే పెళ్లయింది. ఆమె ఇప్పుడు మా హోటల్లో చట్నీలకు పెద్ద. మిరపకాయలను మాత్రం ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది.

ఇదంతా రాసి, నిన్న మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఆమెకు చదివి వినిపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. పప్పు రుబ్బుతున్న చేయి ఆపి, "తొడుగు సంగతి ఎందుకు రాసినవ్?" అంది.

"ఉన్నది గనుక రాసిన."

"తొడుగుల ఉన్న గోర్లకు ఇసుక ఎట్ల అంటుతది?"

నేను ఆలోచించాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఆలోచించాను.

"మరి ఆ రోజు..."

"ఏం లేకుండె. కడిగినట్టు ఉండె. ఉల్లిగడ్డ వాసన గొడ్తుండె."

"అంటే నువ్వు అబద్దం చెప్పినవా? అబద్దంతోని ఉండలేనంటివి గద!"

"నేను చెప్పింది ఒక్కటే. నువ్వు మూడు చెప్పినవ్" అని మళ్లీ పప్పు వైపు తిరిగింది. తల ఎత్తకుండానే అంది. "గంతమంది అరుస్తుంటె పిడికిలి విప్పకుంట నాకోసం పట్టుకొచ్చినవ్. నీ మొఖం చూసిన. గోర్లు చూసేదేముంది?"

అందుకని, పాఠకులారా, జోగులాంబ తల్లి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట బావి అయినా, ఏరైనా, సముద్రమైనా, నేను నోరు తెరిచి ఊపిరి పీలుస్తాను, పిడికిలి మూయను, అడుగున ఉన్నదాన్ని అక్కడే ఉండనిస్తాను. దీనికి సాక్షి ఎవరని మాత్రం అడగకండి. మా ఇంట్లో సాక్షి చెప్పే మాట నమ్మకూడదని నిన్ననే తెలిసింది.