శాకాహారి అక్క నేర్పిన స్టేక్

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అన్నీ వచ్చుననే ధీమా ఉండేది. రానిదల్లా 'నాకు రాదు' అని చెప్పడం ఒక్కటే. అప్పట్లో అమెరికాలో, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఒక అక్కతో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉండేదాన్ని. మా టీమ్ లీడ్ టెక్సాస్ పెద్దమనిషి. నడిస్తే టకటకమని చప్పుడయ్యేది కాబట్టి ఆయనకు నేను పెట్టుకున్న పేరు బూట్లాయన. ఒకరోజు లంచ్‌లో, ఆదివారాలు ఏం వండుకుంటావని అడిగాడు. మళ్లీ కూరల పురాణం విప్పడం ఇష్టంలేక, పశుమాంసాన్ని మందపాటి ముక్కగా కాల్చే రిబై స్టేక్ పేరు చెప్పేశాను. (మా ఇంట్లో పశుమాంసం మామూలే కానీ, కూరగా తప్ప ఇంకో రూపంలో దాన్ని నేనెరగను.) ఆయన ముఖం వెలిగిపోయింది. భార్య పోయాక ఇంట్లో వండిన స్టేక్ తిననేలేదన్నాడు. ఆ మాట విన్నాక శనివారం భోజనానికి రమ్మనకుండా ఎలా ఉంటాను?

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. పసుపేసి కడిగి మూడు విజిల్స్ రానిమ్మంది. రానిచ్చాను. రెండు వేళ్ల మందమున్న ముక్క హవాయి చెప్పులా సాగింది. మర్నాడు ఇంకోటి పెనం మీద వేసి, మాడుతుందేమోనని క్షణానికోసారి తిప్పాను. అది నీళ్లొదిలి బూడిద రంగుకు తిరిగింది.

అక్కది వరంగల్, గుడ్డు కూడా ముట్టదు. తన గిన్నెల జోలికి రానని నాచేత ఒట్టు వేయించుకుని, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, వంటగది గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. చివరికి ఉండబట్టలేకపోయింది.

"బెండకాయలు తడితోని ఏస్తే జిగురే అయితది గదనే. ముందుగాల మంచిగ తుడువు. పెనం పొగలు రానియ్యి. ఏసినంక ఊకె గెలుకకు, అదే పెనాన్ని ఇడుస్తది."

శనివారం అలాగే చేశాను. పేపర్ టవల్‌తో తుడిచి, ఉప్పూ మిరియాలూ అద్ది, పొగలు చిమ్మే పెనం మీద వేసి, గెలక్కుండా ఉండటానికి చేతులు వెనక్కి కట్టుకున్నాను. మూడు నిమిషాలకు తిప్పితే అరిసె రంగు. వెన్న, వెల్లుల్లి వేసి, కరిగిన వెన్నను గరిటెతో పైన పోస్తుంటే స్మోక్ అలారం మోగింది; సరిగ్గా అప్పుడే బూట్లాయన తలుపు కొట్టాడు. అక్క స్టూల్ ఎక్కి అలారానికి చున్నీతో విసురుతోంది. వెంటనే కోస్తే రసమంతా కారిపోతుందని ఎక్కడో చదివినందువల్ల, స్టేక్‌కి కాపలా కాస్తూ, పది నిమిషాలు ఆయన్ను మంచినీళ్లతోనూ వాతావరణం కబుర్లతోనూ కూర్చోబెట్టాను.

కోస్తే లోపల లేత గులాబీ రంగు. ఆయన మొదటి ముక్క తిని, వెంటనే రెండోది కోసుకున్నాడు. తర్వాత, ఎవరు నేర్పారని అడిగాడు. మా నానమ్మ అన్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఆదివారాల సంగతంతా ఒట్టిదేనని ఒప్పుకుని, అక్కను చూపించి, ఆవిడ జన్మలో మాంసం రుచి చూడలేదని కూడా చెప్పేశాను. ఆయన లేచి నిలబడి, తడబడుతూ రెండు చేతులూ జోడించాడు.

అక్క సిగ్గుపడిపోయింది. "ఆయనకింత పప్పన్నం పెట్టరాదే, ఒట్టి మాంసం ఎట్ల తింటడు," అని లోపలికి వెళ్లిపోయింది. (పెట్టాను. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు.)

ఇప్పుడు స్టేక్‌ను థర్మామీటర్ గుచ్చి మరీ, ఒక్కసారీ చెడకుండా చేస్తాను. అయినా ఎవర్నైనా భోజనానికి పిలవాలంటే నెల రోజులు ఆలోచిస్తాను. రాని వంటకు మనిషిని పిలిచేసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వయ్యాక, ఆ తెగువ మీద కాస్త కుళ్లు కూడా.