మూసుకోని తలుపు

మోకాలి ఆపరేషన్ తర్వాత మా మామకు కాలు పూర్తిగా ముడుచుకోవడం లేదు. మోటర్ సైకిల్ ఎక్కలేడు. ఆటోలో కాలు చాపే చోటుండదు. వర్ని దారిలో కాలువ పక్కనున్న సొంత పొలాన్ని నాట్లప్పటి నుంచి చూడలేదు. అందుకే ఇంటి వెనక రేకుల కింద ఏళ్లుగా తుప్పు పడుతున్న తన అంబాసిడర్ గుర్తొచ్చింది. దాని ముందు సీట్లో కాలు బారుగా చాపుకోవచ్చు. కోతల లోపు రోడ్డెక్కించమన్నాడు. ఇంట్లో మెకానికల్ చదివింది నేనే.

ఇంజన్ పెద్దగా ఏడిపించలేదు. కార్బురేటర్ కడిగి, పెట్రోల్ ట్యాంకు మార్చి, బ్రేకులు కొత్తవి వేస్తే నడిచింది. అసలు సమస్య అడుగున ఉంది. మ్యాట్ ఎత్తితే నేల కనిపించింది. తలుపుల కింద పొడవునా ఉండే రేకు పెట్టెలు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రాలిపోయాయి. ఈ కారుకు వేరే చట్రం లేదు, బరువు మోసేవి ఆ పెట్టెలే. ఊరికే కోస్తే బండి నడుము కుంగుతుంది. ముందుగా తలుపుల ఖాళీల్లో అడ్డంగా ఇనుప రాడ్లు అతికించాలి. తర్వాత ఒక పక్క కోసి, అది పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. కొత్త రేకు పాతదాని మందమే ఉండాలి. ఇదంతా వెల్డింగ్ అన్నకు రెండుసార్లు చెప్పాను. ఆయన ట్రాక్టర్ ట్రాలీలు చేస్తాడు. తలూపాడు. శనివారం దగ్గరుండి రాడ్లు పెట్టించాను.

ఆదివారం బిచ్కుందలో పెళ్లికి పోయి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి రాడ్లు నేల మీద పడి ఉన్నాయి. రెండు పక్కలా కోసేశారు. అడుగున ట్రాలీకి వేసే మందపు ప్లేటు అతికి ఉంది. మామ ముందు సీట్లో కూర్చుని, కాలు బయటికి చాపి చాయ్ తాగుతున్నాడు.

“రాడ్లెవరు తీసిండ్రు?” అన్నాను.

“నేనే తీపిచ్చిన,” అన్నాడు మామ. “గవి అడ్డముంటే ఎట్ల ఎక్కాలె అల్లుడు? పని జూసుకోవాలె గదా.”

“కోసేటప్పుడు సుత లోపలనే ఉన్నవా?”

“మరి? కుర్సీ ఏసుకొని ఎండల కూసోమంటవా?”

వెల్డింగ్ అన్న అద్దాలు పైకెత్తాడు. “ఫికర్ చెయ్యకు తమ్మీ. నలభై బస్తాలు ఏసినా కుంగది.”

“మా మామ బస్తా కాదన్నా.”

“బస్తా కంటె ఎక్కువనే ఉన్నడు,” అని ఆయన నవ్వాడు. మామ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మామను దింపి తలుపు వేసి చూశాను. దాని పై మూల ద్వారం పక్కనుండే స్తంభానికి తగిలి ఆగిపోయింది. టేపు పెట్టాను. ఖాళీ నిన్నటి కంటే బొటనవేలంత తగ్గింది. బండి మధ్యలో కుంగిపోయింది, ఆ మందపు ప్లేటు దాన్ని కుంగినచోటే గట్టిగా పట్టుకుంది.

“మళ్ల కోయాలె మామ. కింద జాకీ పెట్టి లేపి, రాడ్లు బిగించి, మొదటి నుంచి.”

“ఎన్ని రోజులు?”

“నాలుగు ఆదివారాలు.”

“గప్పటికి పొలంల ఏముంటది? కోసినంక మిగిలిన కొయ్యకాళ్లు. గవి సూడనీకి కారెందుకు?”

మట్టిలో బొమ్మ గీసి, బరువు ఎక్కడ పడుతుందో చూపించాను. ఆయన బొమ్మను చూడలేదు. “గీ తలుపు పడ్తదా, పడదా? గది చెప్పు.”

పడేలా చేశాను. కీళ్లు వదులు చేసి వాషర్లు దూర్చాను. తలుపు అంచును గ్రైండర్‌తో అరగదీశాను. వంకర పోయిన బాడీ కోసం, కారు మొత్తంలో సరిగ్గా మిగిలిన ఒక్క తలుపును నా చేత్తో నేనే వంకర చేశాను. పళ్లు నూరుకుంటూనే చేశాను. మూడోసారి గట్టిగా కొడితే మూసుకుంది.

మర్నాడు పొద్దున బయల్దేరాం. గుంత వచ్చినప్పుడల్లా తలుపు మూలిగింది. పొలం దగ్గర ఆపితే తలుపు లోపలి నుంచి తెరుచుకోలేదు. నేను దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, రెండు చేతులతో గుంజి తీశాను. మామ కాలు బయట పెట్టాడు కానీ దిగలేదు. కంకులు పసుపెక్కి వంగి ఉన్నాయి.

“వారం ఆగితె కోయచ్చు,” అన్నాడు వాటిని చూస్తూ.

నేను ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని తలుపు పై కీలు చూస్తున్నాను. ఒక వాషర్ అప్పుడే జారిపోయింది.

“జర పక్కకు జరుగు,” అన్నాడు మామ. “వరి కనవడ్తలేదు.”