కరెంటు మామ మీద నేను వేసిన నింద

నా చిన్నప్పుడు మా సిరిసిల్లలో డబుల్ రొట్టె జ్వరం వచ్చినవాళ్లు తినే తిండి. గోడకు ఆనుకుని కూర్చుని, పాలలో ముంచుకుని, నీరసంగా మింగేవారు. అలాంటి రొట్టెను ఎర్రగా, కరకరలాడేలా కాల్చే కరెంటు డబ్బా మా ఇంటికి వచ్చిందని తెలిసి వాడకట్టంతా చూడటానికి వచ్చింది. మా చిన్నాయన భీవండిలో సాంచాలు నడిపి తిరిగి వస్తూ, బొంబాయిలో ఓడ సరుకు అమ్మే బజారులో దాన్ని కొన్నాడు. సాంచాలంటే మరమగ్గాలు. మా ఇంట్లోనూ రెండు ఉండేవి కనుక కరెంటు ఉంది. లేకపోతే ఆ డబ్బా అలంకారానికే మిగిలేది.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య అయింది. మా వంటింట్లో ఒక పక్క కట్టెల పొయ్యి, ఇంకో పక్క నీళ్ల గోళెం, మధ్యలో నాయనమ్మ పీట. నేల మీద చోటు లేదు. చివరికి ఇత్తడి సామాను పెట్టుకునే చెక్క అర కింద వేలాడదీయాలని చిన్నాయన తీర్మానించాడు. ఆ పని చేయడానికి పక్కింటి కరెంటు మామను పిలిచారు.

ఆయన కరెంటాఫీసులో పనిచేసేవాడు. కోస్తా వైపు మనిషి. భార్యతో, చంటిబిడ్డతో పక్కింట్లో అద్దెకుండేవాడు. నన్ను 'అమ్మాయీ' అని పిలిచేవాడు. ఆయన 'వచ్చానండీ, వెళ్తానండీ' అంటుంటే నేను చాటుగా అదే యాసలో అని నవ్వుకునేదాన్ని.

ఆ ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆయన మా వంటింట్లోనే ఉన్నాడు. అరకు ఇనుప పట్టీలు బిగించాడు. చెక్కకు వేడి తగలకుండా రేకు కొట్టాడు. మీటర్ దగ్గర నుంచి లావు తీగ విడిగా లాగాడు. మరలు నా దోసిట్లో పోసి ఒక్కొక్కటే అడిగి తీసుకుంటూ, ప్రతి పనికీ కారణం చెప్పాడు. డబ్బాకూ రేకుకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదిలి, అక్కడ నా చెయ్యి పెట్టించాడు.

"దీనికీ ఊపిరి ఆడాలి అమ్మాయీ. ఈ సందులో ఏదీ దూర్చకండి. గుడ్డ ముక్క కూడా."

నేను తల ఊపాను. తొలి రొట్టె ముక్కను నాయనమ్మ ఆయనకే ఇచ్చింది.

అది మొదటి తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడాది. బళ్లు మూతపడ్డాయి. రోజూ ఊరేగింపులు, నినాదాలు. చిన్నాయన పొద్దున్నే స్నేహితులతో వెళ్లి గొంతు బొంగురుపోయాక ఇల్లు చేరేవాడు. మా ఉద్యోగాలు మాకు కావాలన్న ఆ కోపంలో న్యాయముంది. అప్పుడు పిల్లనైనా నాకూ అలాగే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. కానీ ఆ కోపం వీధిలోకి వచ్చాక కొన్నిసార్లు మనిషిని చూడలేదు, వాడి యాసను మాత్రమే విన్నది. కరెంటు మామ భార్య నీళ్లకు రావడం తగ్గించింది. వచ్చినా మాట్లాడేది కాదు. మాట్లాడితే తెలిసిపోతుంది కదా.

బడి లేదు కనుక మగ్గాలకు నూలు కండెలు చుట్టే పని నాకు పడింది. ముసురు పట్టి, రంగులో ముంచిన నూలు చుట్టలు, చిలపలంటాం, ఆరేవి కావు. తడి నూలు రాట్నం మీద తెగిపోయేది. తెగినప్పుడల్లా ముడేయాలి, ఈలోగా వీధిలో పిల్లల ఆట అయిపోయేది. ఒకరోజు రొట్టె కాల్చిన తర్వాత ఆ సందులో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఒక చిలపను మడిచి అందులో దూర్చాను. కాసేపటికి చక్కగా ఆరిపోయింది. మర్నాడూ అదే చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడో రోజు మేనత్తకు ఒంట్లో బాగాలేదని అమ్మా బాపూ జగిత్యాల వెళ్లారు. చిన్నాయన ఊరేగింపులో ఉన్నాడు. నాయనమ్మ వెనక గదిలో నడుం వాల్చింది. సందులో చిలప ఉన్న సంగతి మరచిపోయి, రొట్టె కాల్చుకుందామని మీట నొక్కి, వీధిలో అరుపులు వినబడితే చూడటానికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి వంటింటి నిండా పొగ. చెక్క అర మండుతోంది. నాయనమ్మ నాకంటే ముందే వచ్చి మండుతున్న దాన్ని చేత్తో లాగబోయి, కెవ్వుమని అరిచి వెనక్కి పడింది.

ఆ కేకకు గోడ దూకి వచ్చింది కరెంటు మామే. మీటర్ దగ్గరకు వెళ్లి కరెంటు తీసేశాడు. నేను నీళ్ల చెంబు ఎత్తితే వద్దని లాక్కుని, వాకిట్లో ఉన్న ఇసుకను బకెట్లతో తెచ్చి పోశాడు. మంట ఆరింది. ఆయన భార్య నాయనమ్మను తమ ఇంటికి తీసుకుపోయి చేతిమీద చల్లనీళ్లు పోస్తూ కూర్చుంది. మామ పొగలోనే నిలబడి సందులోంచి మసైపోయిన నూలు ముద్దను బయటికి తీశాడు. దాన్ని చూశాడు. నన్ను చూశాడు.

ఆ క్షణంలోనే చిన్నాయన నలుగురు స్నేహితులతో వచ్చాడు.

"ఎట్లయిందే ఇది?" అని నా రెట్ట పట్టుకుని అడిగాడు.

నేను అన్న మాట ఇంతకాలమైనా అక్షరం మారకుండా గుర్తుంది. "నాకెర్క లేదు చిన్నాయనా. కరెంటు మామ బిగించిన తీగల నుంచి మంటలచ్చినయ్."

దెబ్బల భయంతో అన్నాను. తర్వాత ఏం జరుగుతుందో ఊహించి అన్న మాట కాదది. కానీ ఆ నలుగురిలో ఒకడు వెంటనే అందుకున్నాడు.

"సూసినవా? కావాల్నని చేసిండు. ఇండ్లల్లకు రానిస్తే గిట్లనే ఉంటది."

మామ నూలు ముద్దను నెమ్మదిగా ఇసుక బకెట్‌లోకి జారవిడిచాడు. "నాదే పొరపాటు. తీగ సరిగా బిగించలేదు," అన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే ఒకడు ఆయన చొక్కా పట్టుకుని వాకిట్లోకి ఈడ్చాడు. ఇంకొకడు చెంప మీద కొట్టాడు. కళ్లద్దాలు రాయి మీద పడి పగిలాయి. చిన్నాయన కొట్టలేదు. ఆపనూ లేదు. గోడ అవతల చంటిబిడ్డ ఏడుస్తోంది. నేను గడపలో నిలబడి అన్నీ చూశాను. "నేనే" అన్న ఒక్క మాట నా నోటి నుంచి రాలేదు.

ఆ తర్వాత అయిదు రోజులు నేను మనిషిలా లేను. కరెంటు మామ నల్లబడిన చెంపతో పనికి వెళ్తుంటే తలుపు వెనక దాక్కునేదాన్ని. చిన్నాయన నన్ను దగ్గరికి తీసుకుని, "భయపడకు బిడ్డా, ఇగ వాడు మన గడప తొక్కడు" అన్నప్పుడు చచ్చిపోతే బాగుండుననిపించింది. ఆరో రోజు పొద్దున నాయనమ్మ చేతికట్టు విప్పుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"మండింది నూలే కదనే? నా చెయ్యికి అంటుకున్నది నూలే. చిలప ఎవలు వెట్టిన్రు?"

నేను ఏడ్చాను. ఆమె కొట్టలేదు. "నాకు చెప్పుడు కాదు. ఆ దినం అబద్ధం ఎక్కడ చెప్పినవో అక్కడ నిలవడి చెప్పు," అంది.

ఆ సాయంత్రం చిన్నాయన స్నేహితులు వాకిట్లో కూర్చున్నప్పుడు వెళ్లి చెప్పాను. సగం మాటలు ఏడుపులో పోయాయి. చిన్నాయన చెయ్యి ఎత్తాడు గానీ కొట్టలేదు. ఆ చెయ్యిని అట్లాగే తన ముఖం మీద పెట్టుకున్నాడు. కొట్టినవాడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్లాడు.

అక్కడ సామాను మూటలు కట్టి ఉంది. చిన్నాయన కరెంటు మామ రెండు చేతులూ పట్టుకుని, "తప్పైంది అన్నా" అన్నాడు. ఆయన చేతులు వెనక్కి తీసుకోలేదు. నేను ధైర్యం చేసి అడిగాను, నిజం తెలిసీ ఎందుకు చెప్పలేదని.

"చెప్పినా ఎవరూ నమ్మరు అమ్మాయీ. నేను చెబితే అది అబద్ధం. నువ్వు చెబితేనే నిజం. పైగా నీకు దెబ్బలు పడేవి. నాకు ఎలాగూ పడేవే."

కోపంగా అనలేదు. వానొస్తుందని చెప్పినట్టు మామూలుగా అన్నాడు. ఆయన నన్ను నాలుగు తన్ని ఉంటే ఆ నొప్పి వారంలో పోయేది.

మర్నాడు వాళ్లు కోరుట్ల వైపు వెళ్లే లారీలో సామాను వేసుకుని వెళ్లిపోయారు. అక్కడికి బదిలీ అడిగి తీసుకున్నాడని విన్నాం. చిన్నాయన మూటలు ఎక్కించాడు, ఉండమని బతిమాలాడు. ఆయన భార్య మాత్రం తల అడ్డంగా ఊపింది. నాయనమ్మ కాలిన చేతినే ఆమె తల మీద పెట్టింది. నేను తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను. కొన్నేళ్ల తర్వాత కోరుట్లలో పెళ్లికి వెళ్లినప్పుడు వాకబు చేస్తే, ఎప్పుడో వేరే ఊరికి వెళ్లిపోయారన్నారు.

ఉద్యమం మళ్లీ లేచినప్పుడు నేను పెద్దదాన్ని. ఊరేగింపుల్లో నడిచాను, రాష్ట్రం వచ్చిన రోజు ఆనందంతో ఏడ్చాను. ఆ రోజుల్లోనే ఒక పొద్దున, మా వీధిలో కోస్తా వాళ్ల దుకాణం గురించి ఏదో పుకారు పుట్టింది. కొందరు పిల్లలు నా దగ్గరకు వచ్చి, "అమ్మమ్మా, నువ్వు సూసినవంట గదా, నువ్వు చెప్తే చాలు," అన్నారు. వాళ్ల ముఖాల్లో నా మీద ఎంత నమ్మకమో! "నేను సూడలే బిడ్డా. సూడంది నేను చెప్పను," అన్నాను. వాళ్లు కాస్త నిరాశగా వెళ్లిపోయారు.

గొప్ప పని చేశానని చెప్పడం లేదు. పదేళ్లప్పుడు చెప్పవలసిన నిజాన్ని ఆరు రోజులు ఆలస్యంగా చెప్పాను. ఆ ఆరు రోజులు ఒక మంచి మనిషి చెంప మీద ఉన్నాయి. ఇప్పటికీ నావాళ్లెవరైనా నా మాటను ఒక్క ఎదురు ప్రశ్న లేకుండా నమ్మేస్తే నాకు సంతోషం కలగదు. సిగ్గుతో ముఖం వేడెక్కుతుంది. ఇంకోసారి ఆలోచించుకుని, అప్పుడు నోరు విప్పుతాను.