యాదగిరి కార్డు మీద నా బీపీ

ఆరేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పిసరంత సంగతిని పర్వతం చేసి చెప్పడం నా అలవాటు. శామీర్‌పేట చెరువులో చేపపిల్ల దొరికితే లారీలో ఎత్తుకొచ్చామని చెబుతాను. కాలనీలో ఏ ఫంక్షనైనా మైకు నాకే ఇస్తారు. ఈ ఒక్క సంగతిని మాత్రం ఇన్నేళ్లూ తగ్గించి, తగ్గించి, స్నేహితుడికి చేసిన చిన్న సాయం అని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అది సాయం కాదు.

యాదగిరి మా ఫ్యాక్టరీ బస్సు డ్రైవరు. లాల్‌గడి మలక్‌పేట్ మనిషి. నేను రోజూ అతని బస్సులోనే మేడ్చల్ వెళ్లేవాణ్ణి. అతనికి బీపీ ఉందని డాక్టరు మాత్రలు రాసిన కొన్నాళ్లకే కంపెనీ డ్రైవర్లకు ఆరోగ్య పరీక్షలు పెట్టింది. బీపీ ఎక్కువుంటే బస్సు దింపేస్తారని పుకారు. పరీక్ష రోజు నేనూ తోడు వెళ్లాను. యాదగిరి ముఖం ఉరికంబం ఎక్కబోయేవాడి ముఖంలా ఉంది. నర్సుకు మా ముఖాలు తెలియవు. "యాదగిరి" అని పిలవగానే నేను లేచి వెళ్లి చెయ్యి చాచాను. నూట ఇరవై బై ఎనభై అని నర్సు అతని కార్డు మీద రాసింది. పులిని లొంగదీసిన వీరుడిలా తిరిగొచ్చాను. ఆ బస్సులో నలభైమంది ఎక్కుతారన్న సంగతి తట్టలేదు. తట్టలేదా? తట్టింది. తర్వాత చెప్పుకుని నవ్వుకోబోయే నవ్వు ముందు అది చిన్నదిగా కనిపించింది.

అసలు తప్పు అది కూడా కాదు.

ఆ వారమే వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. యాదగిరి భార్య సుగుణ కార్డు తెచ్చి చూపించింది.

"అన్నా, బీపీ మొత్తం తగ్గింది సూడు! మూడు నెలల సంది సప్పటి కూర తిని మొకం మాడ్సుకుంటుండు. ఇగ గోళీలు బంద్ జేస్తె ఏమైతది?"

యాదగిరి నా వైపు చూశాడు. ఇద్దరిలో ఒకరు చెప్పాలి.

"గీ కార్డు వట్టుకపోతె మీ ఆయనకు ఇంకో పిల్లనిస్తరు చెల్లె," అన్నాను.

"ఇయ్యనీ అన్నా. ఆమెనే వండిపెడ్తది, నాకు ఆరాం!"

ముగ్గురం పడీ పడీ నవ్వాం. సుగుణ అతని కంచంలో మామిడికాయ తొక్కు వేసింది.

మాత్రలు ఆగాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. బీపీ ఎంత పెరిగినా ఒంటికి తెలియకపోవచ్చట. ఎనిమిది నెలల తర్వాత ఓ పొద్దున ఇంట్లో చొక్కా గుండీలు పెట్టుకుంటూ పడిపోయాడు. మెదడులో నరం చిట్లింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. ఆసుపత్రిలో డాక్టరు సుగుణకు చెప్పింది: మాత్ర వేసుకుంటున్నందుకే బీపీ అదుపులో ఉంటుంది, బాగుందనిపించినా అడక్కుండా ఆపకూడదు. ఆమె తలూపుతూ వింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

నిజం తెలిసినవాళ్లం ఇద్దరం. ఒకరికి మాట పోయింది. రెండోవాడికి మాటలు తప్ప వేరే విద్య లేదు. అయినా చెప్పలేదు.

కార్డు మీద తగ్గిన బీపీ మళ్లీ పెరిగింది ఉప్పు వల్లేనని చుట్టాలంతా సుగుణ చేతి తొక్కునే తప్పుపట్టారు. ఆమె కూడా నమ్మింది. అప్పటినుంచి తనూ ఉప్పు మానేసింది. ఆ చప్పటి అన్నం ముద్ద ఆమె గొంతు దిగుతుంటే ఎన్నిసార్లు చూశానో. దేనికి భయపడ్డాను? పోలీసులకా? ఉద్యోగం పోతుందనా? కాదు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే నవ్వే ముఖాలు ఇక నవ్వవని, అంతే. ఇంత చిన్న భయానికి ఆ నింద ఆమెతో ఆరేళ్లు మోయించాను.

మొన్న ఆదివారం చెప్పేశాను. ఆ రోజు బీపీ మిషనులో పెట్టిన చెయ్యి నాదని. మాత్రలు ఆపితే ప్రమాదమని తెలిసే నవ్వానని. తొక్కు ఒక్కటే ఇంత పని చేయలేదని. యాదగిరి కళ్లు మూసుకున్నాడు. సుగుణ కంచంలో అన్నం కలుపుకుని లేచింది.

"జరుగు. ఆయనకు అన్నం తినిపియ్యాలె," అంది. "అన్నా" అని పిలవలేదు.

జరిగాను. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే, ఇన్నేళ్లలో మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది. అందుకు కూడా సిగ్గేసింది.