బజారుకు దాచిన గొంతు

క్యాన్సరని స్వరపేటిక మొత్తం తీసేశాక, నా మాటంతా ఊపిరిగొట్టానికీ అన్నం దిగే గొట్టానికీ మధ్య పెట్టిన గుండీ అంత సిలికాన్ వాల్వు పాలైంది. మెడ మీది రంధ్రాన్ని వేలితో మూస్తే ఊపిరి ఆ వాల్వులోంచి పోయి మాటవుతుంది. మూయకపోతే నేను మూగవాణ్ణే.

అదైనా కుదురుగా ఉందా? ఆపరేషన్ తరువాత కరెంటు పెట్టారు. రేడియేషన్ అనాలట, మా ఛత్రినాకలో అందరికీ అది కరెంటే. దాంతో నోరు పిడచగట్టుకుపోయింది. నాతోపాటే ఆపరేషన్ అయి, కరెంటు పెట్టించుకోని పెద్దాయన ఒక్క వాల్వుతోనే హాయిగా తిరుగుతుంటే, నాది మార్చిన కొన్నాళ్ళకే కారడం మొదలు. ఛాయ్ గుటక వేస్తే ఊపిరిగొట్టంలోకి దిగి ఒకటే దగ్గు. కప్పు కనబడితేనే పక్కకు నెట్టేసేవాణ్ణి.

మాట్లాడీ మాట్లాడీ చెప్పులు అరిగినట్టు వాల్వు అరుగుతోందని ఇంటిల్లిపాదీ తేల్చారు. నా భార్య ఏకంగా హుకుం జారీ చేసింది.

"ఇంట్ల నోరు తెరవకు. గిరాకీతోటి మాట్లాడాలె గదా, బజారుకు దాచుకో."

గుడిమల్కాపూర్ మార్కెట్లో మాది బంతిపూల దుకాణం. నోరు లేనివాడి పూలు ఎవరు కొంటారు? సరేనన్నాను. బజార్లో "ఆవో భాయ్, తాజా మాల్" అని పిలుపులు, ఇంట్లో సైగలు. మా ఇంట్లో కొట్లాట లేని రోజుండేదా! ఇప్పుడు ఆమె లొల్లి మొదలుపెట్టి, నా వైపు చూసి, తనే ఆపేసేది. నాకు పిచ్చెక్కేది.

బోనాల ముందు, గిరాకీ మీదుండగా, వాల్వు మళ్ళీ కారింది. ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ కొత్తది పెట్టి, పాతది చూపించింది. తెల్లగా బూజు.

"మాట్లాడితే ఇది అరగదు. కరెంటు పెట్టించుకున్నోళ్ళందరికీ ఇట్ల కాదు గానీ, మీకు నోట్లో తడి తగ్గింది. బూజు తొందరగా పట్టి మూత సరిగ్గా పడ్తలేదు. రోజూ బ్రష్‌తోటి శుభ్రం చేయండి. కొత్తది ఎన్నాళ్ళుంటదో నేను చెప్పలేను."

బయట బెంచీ మీదున్న నా భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు నమ్మలేదు. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఏందీ, మాట్లాడితే ఏంగాదా? గిన్ని దినాలు గోడతోటి మాట్లాడినట్టు మాట్లాడిన గదయ్యా!"

ఈ కొత్త వాల్వూ ఎప్పుడు కారుతుందో. ఆ ఫికర్ ఎక్కడికీ పోలేదు. అయినా వేలు మెడ మీద పెట్టాను.

"తిట్టు. ఇగ జవాబు చెప్త."